మెడ మీదా, వీపు మీదా

"అక్కడ పెట్టమని నీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు చిన్న మాస్టారు.

ఆమె అప్పటికే జిమ్ములో బరువులెత్తే ఇనప బార్ కింద దూరి, దాన్ని మెడ దిగువనున్న కండ మీద ఆనించుకుని, చేతులు రెండూ భుజాలకు దగ్గరగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఊపిరి బిగబట్టిన మనిషి జవాబు చెప్పకూడదు. చెబితే ఊపిరి పోతుంది, ఊపిరి పోతే నడుం వదులవుతుంది. నెలరోజులుగా పెద్ద మాస్టారు ఆమెకు నూరిపోసిన పాఠం అదే. అందుకని అద్దంలోంచే కళ్ళు తిప్పి, గోడ మీద వేలాడుతున్న బోర్డు వైపు చూపించింది. దాని మీద రెండే వరసలు: ఉదయం - పెద్ద మాస్టారు. సాయంత్రం - చిన్న మాస్టారు.

"ఓహో. పొద్దుటాయనా?" అన్నాడతను. సొంత అన్నని అతను ఎప్పుడూ అలాగే అంటాడు, ఆయనేదో పేపరు వేసి వెళ్ళే మనిషైనట్టు. "దింపు. దింపమ్మా. ఆ ఎముక మీద అంత బరువు పెట్టుకుంటే రేపు తల తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పాలి."

ఆమె బార్‌ని ర్యాక్ మీద దింపింది. అతను ఆమె వెనక్కి వచ్చి, వేలితో ఆమె వీపు మీద గాల్లోనే ఒక గీత గీశాడు.

"ఇదిగో, ఇక్కడ. రెండంగుళాలు కిందకి. భుజాల వెనక ఒక గట్టు లేస్తుంది చూడు, రెక్కలు దగ్గరకు లాగితే. ఆ గట్టు మీద. చేతులు దూరంగా, బొటనవేలు బార్ మీదుగా, చుట్టొద్దు. బరువు మోసేది వీపు, చేతులు కాదు. చేతులు ఊరికే అది జారిపోకుండా కాపలా."

"పెద్ద మాస్టారు బొటనవేలు చుట్టమన్నారండీ."

"పొద్దుటాయన చాలా అంటాడు. మా నాన్న నాకు నేర్పింది ఇదే. ఆయన చేత్తో ఆయనే పెట్టాడు ఈ వీపు మీద." వీపు మీద ఆ చోటు తట్టి చూపించబోయి, చెయ్యి అందక, భుజం తట్టుకున్నాడు.

టైర్ల కొట్టు మీద మేడ అది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, ఎక్కాక ఇనుం వాసన. తండ్రి పెట్టిన జిమ్ము. ఆయన పోయాక అన్నదమ్ములిద్దరూ ఉమ్మడిగా నడుపుతున్నారు గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. పన్నెండింటికి అన్న తాళం వేసి చెవి టైర్ల కొట్లో ఇస్తాడు, నాలుగింటికి తమ్ముడు తీసుకుంటాడు. మధ్యలో ఏదైనా చెప్పుకోవాల్సి వచ్చినా మోసుకెళ్ళే మనిషి లేడు. పొద్దున వచ్చేవాళ్ళు ఎవరూ సాయంత్రం రారు, సాయంత్రం వాళ్ళు పొద్దున రారు. పొద్దుటి వాళ్ళది మెడ, సాయంత్రం వాళ్ళది వీపు. ఇన్నాళ్ళూ ఏ గొడవా లేకుండా జరిగిపోయింది.

ఈ వారం ఆమె వల్ల వచ్చింది చిక్కు.

ఆమె అంబులెన్సు మీద స్ట్రెచర్ మోసే మనిషి. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. డిపోలో అందరూ స్ట్రెచరక్క అంటారు. కొత్తగా వచ్చిన అధికారి, స్ట్రెచర్ మోసేవాళ్ళందరికీ శనివారం పరీక్ష అని నోటీసు అంటించాడు: అరవై కిలోల బార్ వీపున వేసుకుని, తొడలు నేలకు సమంగా వచ్చేదాకా దిగి, ఐదుసార్లు లేవాలి. లేవలేని వాళ్ళు ఫోన్ల గదిలోకి. ఫోన్ల గదికి కిటికీ లేదు. అక్కడ కూర్చుని, ఎవరో మూడో అంతస్తులో పడిపోయారని విని, ఇంకెవరినో పంపాలి. ఆ ఇంకెవరో మెట్ల మలుపులో స్ట్రెచర్ ఎలా తిప్పుతారో ఏమోనని అక్కడే కూర్చుని చావాలి.

నెలరోజులు పొద్దుటిపూట వచ్చింది. సరిగ్గా పరీక్ష వారంలో డిపోలో షిఫ్టులు తారుమారయ్యాయి: ఒకరోజు పొద్దున డ్యూటీ, ఒకరోజు సాయంత్రం. మానేస్తే నేర్చుకున్నదంతా పోతుందని, ఎప్పుడు ఖాళీ దొరికితే అప్పుడు వస్తోంది.

చిన్న మాస్టారు చూపించిన చోట బార్ పెట్టుకుంది. చేతులు దూరంగా పెట్టింది. చేతులకు హాయిగా ఉంది. వీపుకు మాత్రం, ఎవరో బార్‌ని మెల్లగా కిందకి లాగుతున్నట్టుంది. దిగితే ముందుకు వంగిపోతోంది.

"వంగాలి. కొంచెం వంగితేనే ఇది," అన్నాడతను సంబరంగా. "పొద్దుటాయన దగ్గర నిటారుగా కూర్చోబెడతారు, ఫోటో తీయించుకునేవాళ్ళలాగా."

* * *

మర్నాడు పొద్దున పెద్ద మాస్టారు ఆమె వెనక నిలబడ్డాడు. ఆమె వేసుకున్నది మగవాళ్ళ పాత చొక్కా, భర్తది. ఆయన పోయినా చొక్కా మెడ దగ్గర ఇంకా వదులుగానే ఉంది. ఆ వదులు మెడలోంచి వీపు మీద ఎర్రటి చార కనిపిస్తోంది, నిన్నటిదాకా ఉన్న చోటికి రెండంగుళాలు కింద.

"సాయంత్రం వెళ్ళావా?" అన్నాడాయన.

ఆ అడగడంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. ఇంటాయన పరాయి సెంటు వాసన పసిగట్టినట్టు అడిగాడు.

"డ్యూటీ మారిందండీ, అందుకని..."

"వెళ్ళు, తప్పేముంది. అందరూ పెద్దవాళ్ళే. ఎవరి మెడ వాళ్ళది." జేబులోంచి రుమాలు తీసి, బార్ నడుమ గరుకుగా ఉన్నచోట తుడిచాడు. "మా నాన్న నా మెడ మీద పెట్టిన బార్ ఇది. ఇదే బార్. 'ఇక్కడ, ఈ కండ మీద. చేతులు దగ్గరగా, మోచేతులు కిందకి, వీపు గోడలా' అన్నాడు. ఆయన అన్న మాట ఒక్కటీ నేను మార్చలేదు. మార్చినవాళ్ళున్నారు. ఆ సాయంత్రం మనిషికి చెప్పు: చచ్చిపోయినవాళ్ళ పేరు చెప్పి సొంత కవిత్వం అల్లొద్దని."

పక్కన బస్తాలాంటి ఛాతీతో ఉన్న బ్యాంకు క్యాషియరు, "ఇక మొదలు," అన్నట్టు నవ్వుకున్నాడు. పొద్దుటి బ్యాచ్‌లో ఇన్నాళ్ళకి సాయంత్రానికి వెళ్ళొచ్చే మనిషి దొరకడంతో పెద్ద మాస్టారికి మాటలు ఊరుతున్నాయి.

"ఇంకా చెప్పు. ఇరవై కిలోల ప్లేటు ఒకటి అంచు విరిగింది. అది పొద్దుటి బ్యాచ్ విరగ్గొట్టలేదు."

ఆమె తల ఊపింది. చేతులు దగ్గరగా పెట్టి బార్ కింద దూరింది. కుడి మణికట్టు దగ్గర ఒక నరం గుర్రుమంది. అది నెలరోజులుగా గుర్రుమంటూనే ఉంది. నొప్పి ఉందని చెబితే ఆయన, "ఉంటుంది, అలవాటయ్యేదాకా," అంటాడు. అలవాటయితే నొప్పి పోతుందో, నొప్పే అలవాటవుతుందో ఆమెకు తెలియలేదు.

ఆ సాయంత్రం డిపోకి వెళ్ళే దారిలో జిమ్ మెట్ల కింద చిన్న మాస్టారు ఎదురయ్యాడు.

"పొద్దుటాయన ఏమన్నాడు?"

స్ట్రెచర్ మీద ఉన్నవాళ్ళు ఇంటివాళ్ళతో చెప్పమనేవి, ఇంటివాళ్ళు స్ట్రెచర్ మీద వాళ్ళతో చెప్పమనేవి ఆమె చాలా మోసింది. ఏది ఎంతవరకు మోయాలో తెలుసు.

"బార్ తుడిచి పెట్టమన్నారు."

"అంతేనా?"

"ప్లేటు అంచు విరిగిందట. చూసి వాడమన్నారు, చెయ్యి తెగుతుందని."

చిన్న మాస్టారు నమ్మలేనట్టు చూశాడు. "చెయ్యి తెగుతుందని అన్నాడా?" అని రెండోసారి అడిగి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

* * *

"మెడ పార్టీలో ఉన్నావా ఇవాళ, వీపు పార్టీలోనా?" అన్నాడు డ్రైవర్, అంబులెన్సు మలుపు తిప్పుతూ.

ఆమెతో పన్నెండేళ్ళుగా తిరుగుతున్నాడతను. తలా భుజాలూ ఒకే ముద్దగా పోసినట్టుంటాడు. మధ్యలో మెడ అన్నది లేదు. చొక్కా కాలరు గుండీ జన్మలో పెట్టి ఎరగడు.

"నోరు మూసుకుని బండి నడుపు."

"నాకేం. డ్రైవర్లకి పరీక్ష లేదు. నేను సీట్లో కూర్చుని నీకు చప్పట్లు కొడతా."

మూడో అంతస్తు. లిఫ్టు లేదు, ఉన్నా పాడై ఉండేది. భారీ మనిషి, స్నానాల గదిలో జారాడు. నడుం పట్టేసింది. భార్య గుమ్మంలో నిలబడి, "జాగ్రత్త, ఆయన్ని లేపకండి, లేపకుండా తీసుకెళ్ళండి," అంటోంది.

డ్రైవర్ చంకల కింద చేతులు పెట్టబోయాడు. ఆమె ఆపింది. మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులు ఆ మనిషి భుజాల మీద పెట్టి, మెల్లగా కిందకి, పక్కటెముకల మీదుగా, నడుం దాకా జరిపింది. ఎక్కడ అతని ఊపిరి తెగుతుందో అక్కడ ఆగింది.

"ఇక్కడా?"

"అమ్మో. ఇక్కడే."

"ఈ పక్కన పట్టుకుంటే?"

"ఫరవాలేదు."

"తమ్ముడూ, నువ్వు ఈ పక్కన. చంకల కింద వద్దు. తొడల కింద పట్టు. నేను నడుం పక్కన."

ఎత్తారు. మెట్ల మీద స్ట్రెచర్ తల వైపు ఆమె, కాళ్ళ వైపు డ్రైవర్. మలుపులో ఆమె భుజానికి గోడ గీసుకుంది. కింద బండిలో ఎక్కించాక ఆ భారీ మనిషి, "లేపకుండానే తెచ్చేశారే," అన్నాడు, భార్య మాటని నిజంగా నమ్మినవాడిలా.

"నిన్ను ఫోన్ల గదిలో కూర్చోబెడితే వీళ్ళని ఎవరు తడుముతారక్కా," అన్నాడు డ్రైవర్ తలుపు వేస్తూ. ఆ మాట అన్నాక మళ్ళీ వెక్కిరింత గుర్తు రాలేదు అతనికి. డిపో దాకా హారన్ మాత్రం అవసరానికి మించి కొట్టాడు.

* * *

గురువారం సాయంత్రం ఆమె అడుక్కి దిగి లేవలేకపోయింది.

దిగేటప్పుడు బార్ వీపు మీద, తమ్ముడి చోట ఉంది. సగంలో ఏదో తోచి, అది జారుతోందని భయమేసి, చేతులు దగ్గరకు జరిపింది, అన్న చెప్పినట్టు. భుజాల వెనక గట్టు కరిగిపోయింది. కుడి మణికట్టు చురుక్కుమంది. ముందుకు వాలి, ర్యాక్ కిందనున్న ఇనప కడ్డీల మీద బార్ ఢామ్మని పడింది. ఆమె బార్ కింద, గేటు కింద ఇరుక్కున్న పిల్లిలాగా, అరచేతులు నేలకానించి ఉండిపోయింది.

సాయంత్రం బ్యాచ్ అంతా చేస్తున్నవి ఆపి చూశారు. కింద టైర్ల కొట్టతను, "పైనేం పడింది?" అని అరిచాడు.

"మెడ," అన్నాడు చిన్న మాస్టారు చేదుగా. "మెడ పడింది. సగం దారిలో మెడ గుర్తొచ్చిందా లేదా, నిజం చెప్పు."

"గుర్తొచ్చింది."

"ఆయనకి చెప్పు. ఆయన వల్ల ఒక మనిషి ప్రాణం మీదకొచ్చిందని చెప్పు."

"మీరే చెప్పుకోండి," అంది ఆమె.

అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. గదిలో ఎవరూ అలాంటి మాట ఎప్పుడూ అని ఉండరు. చిన్న మాస్టారు బార్ మీంచి ప్లేట్లు తీయడం మొదలుపెట్టాడు. వాటిని సర్దడంలో అవసరం కన్నా ఎక్కువసేపు గడిపాడు.

ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చుంది. అత్తయ్య వంటగదిలోంచి వచ్చి, చొక్కా వెనక్కి లాగి చూసింది.

"రెండు చారలు. ఒకదాని కింద ఒకటి. గీతల నోటుపుస్తకం చేశారే నిన్ను!" అంది. "మా చిన్నప్పుడు బళ్ళో తప్పు చేస్తే తీయించేవారు గుంజీళ్ళు. నువ్వు ఎదురు డబ్బిచ్చి తీస్తున్నావు."

"ఎల్లుండి పరీక్ష అత్తయ్యా. లేవలేకపోయాను ఇవాళ."

అత్తయ్య లోపలికి వెళ్ళింది. మందు డబ్బా తెచ్చి, వెనక కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఆమె చేతులు చిన్నవి, గరుకువి. మందు రాసేటప్పుడు ఎక్కడ గట్టిగా ఉందో వెతుక్కుంటూ పోతాయి. కొడుకు పోయిన దగ్గర్నుంచి ఆ చేతులకు కోడలి వీపే మిగిలింది.

"చెయ్యి వెనక్కి పెట్టు. ఇలా, బార్ పట్టుకున్నట్టు. ఎడమది వచ్చింది. కుడిది రాదేం?"

"వస్తుంది. నొప్పిగా వస్తుంది."

"రాదు. ఇదిగో, ఇక్కడ ఆగిపోతోంది." భుజం పక్కన ఒక చోట బొటనవేలు నొక్కింది. "ఇంకా దగ్గరకి లాగితే నీ మణికట్టు మెలికపడుతోంది. చేతులు దూరంగా పెట్టు చూద్దాం. మూల చీపురు తేనా?"

పొడుగు కర్ర చీపురు తెచ్చింది. పడుకునే మంచం పక్కన ఖాళీలో ఆమె దాన్ని వీపున పెట్టుకుంది. తమ్ముడి చోట పెట్టింది. చేతులు దూరంగా. "ముందుకు పడిపోతున్నావు," అంది అత్తయ్య. అన్న చోటికి జరిపింది, చేతులు మాత్రం దూరంగానే ఉంచింది. దిగింది. లేచింది. మళ్ళీ దిగింది. మణికట్టు ఊరుకుంది. వీపు నిటారుగానే ఉంది.

"ఇది ఎవరిది?" అంది అత్తయ్య.

"చోటు పెద్దాయనది. చేతులు చిన్నాయనవి."

"ఇద్దరికీ చెప్పకు," అంది అత్తయ్య. "చెప్తే ఇద్దరూ రెండు వైపులా పట్టుకుని లాగుతారు నిన్ను."

* * *

శుక్రవారం సాయంత్రం డిపోలో కొత్త నోటీసు అంటించారు. స్ట్రెచర్‌కి ఒక కొస పట్టే ప్రతివాళ్ళకీ పరీక్ష ఉంది, డ్రైవర్లతో సహా.

డ్రైవర్ దాన్ని మూడుసార్లు చదివాడు, ప్రతిసారీ వేరే అర్థం వస్తుందేమోనని.

"నేను పట్టను. ఇవాల్టి నుంచి స్ట్రెచర్ ముట్టుకోను," అన్నాడు.

"అప్పుడు కాళ్ళ వైపు ఎవరు పడతారు?"

"నువ్వే. రెండు వైపులా."

"మరి ఫెయిలైతే నిన్నెక్కడ వేస్తారో చదివావా?"

చదివాడు. లాండ్రీ వ్యాను. అందులో రోగులుండరు, దుప్పట్లుంటాయి. హారన్ కొట్టే పని లేదు, దారివ్వమనే పని లేదు. డ్రైవర్ అక్కడున్న బెంచీ మీద మెల్లగా కూర్చున్నాడు. ఆమెకు ఆ రాత్రి రెండో దిగులు కూడా పట్టుకుంది: తను పాసై అతను పోతే, పన్నెండేళ్ళ తర్వాత కాళ్ళ వైపు కొత్త మనిషి.

* * *

శనివారం డిపో వెనక షెడ్డులో ర్యాక్ పెట్టారు. అధికారి కుర్చీలో కూర్చుని, మెడలో ఈలతో, బార్‌తో దిగే చోట ఒక ప్లాస్టిక్ స్టూలు పెట్టించాడు. పిరుదులు స్టూలుకి తగలాలి, కూర్చోకూడదు. తగిలితే ఈల. ఈల లేకపోతే లెక్క లేదు.

అన్నదమ్ములిద్దరూ వచ్చారు. తమ మనిషి తమ చోట పెట్టుకుంటుందో లేదో చూడాలని ఎవరికి వాళ్ళు విడిగా వచ్చారు. షెడ్డుకి రెండు తలుపులుండబట్టి సరిపోయింది. పెద్ద మాస్టారు ఒక తలుపు దగ్గర, చిన్న మాస్టారు రెండో తలుపు దగ్గర నిలబడ్డారు.

బార్ నడుమకు దళసరి స్పాంజి గొట్టం ఒకటి తొడిగి ఉంది.

"ఏమిటండీ అది, దిండు?" అన్నాడు పెద్ద మాస్టారు. "తీయించండి. దాని మీద బార్ నిలవదు."

"ఆ దిండు తీయించండి సార్, దొర్లుతుంది," అన్నాడు చిన్న మాస్టారు, అదే క్షణంలో, ఆ కొస నుంచి.

ఇద్దరూ ఒకే మాట అన్నారన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఇద్దరి ముఖాలూ వెలవెలబోయాయి.

"అంటే... ఉన్నా మరీ అంత ప్రమాదం కాదులెండి," అన్నాడు పెద్ద మాస్టారు.

"కొందరికి దిండే మంచిదంటారు," అన్నాడు చిన్న మాస్టారు.

"మీరిద్దరూ ఎవరు?" అన్నాడు అధికారి.

ఆమె వెళ్ళి స్పాంజి ఊడదీసి పక్కన పెట్టింది. "మెడ నాదే కదండీ," అంది.

బార్ కింద దూరేముందు అద్దం ఉంటుందేమోనని అలవాటుగా చూసింది. లేదు. ఎదురుగా మాత్రం ఒక తలుపులో పెద్ద మాస్టారు తన మెడ వెనక తట్టుకుంటున్నాడు. రెండో తలుపులో చిన్న మాస్టారు వెనక్కి తిరిగి నిలబడి, వీపు మీద బొటనవేలితో చూపించడానికి అష్టవంకర్లు తిరుగుతున్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. బార్ మెడ దిగువన ఆనింది. చేతులు వెడల్పుగా, కుడి భుజం ఎక్కడ ఆగుతుందో అక్కడే. బొటనవేళ్ళు పైన. రెండడుగులు వెనక్కి వేసింది.

దిగింది. ఈల. లేచింది.

మూడోదానికి కాళ్ళు వణికాయి. నాలుగోదాని అడుగున, మెట్ల మలుపులో బరువంతా తన వైపుకి వాలే క్షణం గుర్తొచ్చింది. ఆ క్షణంలో ఆగితే ఇద్దరూ పడతారు. ఆగలేదు. ఐదో ఈల తర్వాత లేచి, బార్ ర్యాక్‌లో పడ్డ చప్పుడు విన్నాక కళ్ళు తెరిచింది.

"పాస్," అన్నాడు అధికారి.

"చూశారా?" అన్నాడు పెద్ద మాస్టారు అధికారితో. "ఎక్కడ పెట్టిందో చూశారా? నా చోటు."

"చేతులు చూశారా మీరు?" అన్నాడు చిన్న మాస్టారు, అధికారితోనే. "ఆ చేతులు ఎవరివో పొద్దుటాయన్ని అడగండి."

"సాయంత్రం మనిషికి చెప్పండి, చేతుల మీద బరువుండదని ఆయనే అంటాడని."

"నేనెందుకు చెప్పాలి?" అన్నాడు అధికారి. "మీ ఇద్దరి మధ్యా పది అడుగులుంది. తర్వాతెవరు?"

తర్వాత డ్రైవర్. నడిచి వచ్చిన తీరు, వచ్చినట్టు లేదు, తెచ్చినట్టుంది. ఉదయం నుంచి టీ కూడా తాగలేదు. బార్ కింద తల దూర్చాడు. ఆమెను చూసి అలాగే మెడ మీద పెట్టుకోబోయాడు. అతనికి మెడ లేదు. బార్ తిన్నగా పుర్రె వెనక తగిలి ఆగింది.

"తల వంచు," అన్నాడు పెద్ద మాస్టారు.

"వంచితే నేల తప్ప ఇంకేం కనబడట్లేదు సార్."

"కిందకి దింపు, వీపు మీదకి," అన్నాడు చిన్న మాస్టారు. "చేతులు ఇంతే దూరం."

దింపాడు. చేతులు వెనక్కి రాలేదు. ఇరవై ఏళ్ళ స్టీరింగు భుజాలవి, ముందుకు తప్ప ఎటూ తిరగవు. మోచేతులు రెండూ గాల్లో, కోడి రెక్కల్లా లేచి ఉన్నాయి. ఎవరో నవ్వారు. అధికారి గడియారం చూసుకున్నాడు.

"ఆగు," అంది ఆమె. "బార్ పెట్టెయ్. అటు తిరుగు."

డ్రైవర్ తిరిగాడు. ఆమె రెండు అరచేతులూ అతని భుజాల మీద పెట్టింది. మెల్లగా కిందకి జరిపింది. రెక్కల ఎముకలు ఎక్కడున్నాయో చూసింది. చెయ్యి ఒకటి పట్టుకుని వెనక్కి తెచ్చి, ఎక్కడ ఆగిందో అక్కడ వదిలేసింది. రెండోది తెచ్చింది.

"ఇక్కడా?"

"అక్కడే. అంతకన్నా రాదు."

"రానక్కర్లేదు."

అతని రెక్కల వెనక, చిన్న మాస్టారు చెప్పేదానికన్నా ఇంకా కొంచెం కింద, ఒక దళసరి గట్టు ఉంది. బార్ కింద అతన్ని దూర్చి, దాన్ని అక్కడ ఆనించింది. చేతులు ప్లేట్ల దాకా, ఇంక జరగడానికి చోటు లేనంత దూరం జరిపింది. వేళ్ళు మాత్రం బార్ మీద వేయించింది. ఇలాంటిది పొద్దుటి బ్యాచ్‌లో లేదు, సాయంత్రం బ్యాచ్‌లో లేదు.

రెండు తలుపుల దగ్గరా ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం కొత్తగా ఉంటే ఆమె అటు చూసింది. పెద్ద మాస్టారు ఆమె అరచేతుల వైపే చూస్తున్నాడు. తలుపు వదిలేసి నాలుగడుగులు లోపలికి వచ్చాడు.

"నాన్న," అన్నాడు. "నాన్న నీకు కూడా అలా తడిమి చూశాడా, ముందు?"

చిన్న మాస్టారు, ఎవరినడుగుతున్నాడోనని వెనక్కి తిరిగి చూశాడు. వెనక తలుపే ఉంది.

"చూశాడు," అన్నాడు. "మొదట నీ చోటే పెట్టాడు. నాకు ఆనలేదు. తడిమి చూసి కిందకి దింపాడు."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడగలేదు."

"నా మెడ మీద చెయ్యి వేసి, 'నీకిక్కడ' అన్నాడు," అన్నాడు పెద్ద మాస్టారు. "'నీకు' అన్నాడు." రుమాలు తీశాడు. తుడవడానికి అక్కడ బార్ లేదు.

"అయ్యా," అన్నాడు డ్రైవర్, బార్ కింద నుంచి. ముఖం కందగడ్డలా అయింది. "మీరు మాట్లాడుకుంటుంటే నాకూ సంతోషంగానే ఉంది. ఇంతకీ నేను దిగాలా, వద్దా?"

"దిగు!" అన్నారు ముగ్గురూ.

దిగాడు. ఈల. లేచాడు. అతనిది మోసే ఒళ్ళు, కాకపోతే ఇంతదాకా అడిగినవాళ్ళు లేరు. మూడు దాటాయి, నాలుగు దాటాయి. ఐదోది సగంలో ఆగిపోయింది. పైకీ రాడు, కిందకీ పోడు. ఆమె వెనకే నిలబడి అతని మోచేతుల కింద చేతులు పట్టింది, తగలకుండా. తగిలితే లెక్క రాదు.

"నిటారుగా!" అన్నాడు పెద్ద మాస్టారు.

"కొంచెం వంగు, వంగి లే!" అన్నాడు చిన్న మాస్టారు.

"వంగమంటావేంట్రా, పడతాడు!"

"పడడు. నువ్వు ఊరుకో అన్నయ్యా!"

"కాళ్ళ వైపు నువ్వే కదా," అంది ఆమె, అతనికి మాత్రం వినపడేటట్టు. "మలుపొచ్చింది. తిప్పు."

డ్రైవర్ లేచాడు. ఎముకలన్నీ ఒక్కొక్కటే లేచినట్టు, మెల్లగా లేచాడు. అధికారి ఈల వేయడం మరిచిపోయి, గుర్తొచ్చి, రెండుసార్లు వేశాడు.

"పాస్."

డ్రైవర్ కదల్లేదు. బార్ అలాగే వీపున ఉంది, చేతులు ప్లేట్ల దగ్గర చాపి ఉన్నాయి, ముఖాన చెమట కారుతోంది. అన్నదమ్ములు ఇద్దరూ చెరో పక్కకి వచ్చి, అతని వీపు వైపు వంగి చూస్తున్నారు.

"అక్కా," అన్నాడు అతను. "వీళ్ళు అడిగితే ఏం చెప్పాలి? ఇది మెడా, వీపా?"

అన్న తల ఎత్తాడు. తమ్ముడూ ఎత్తాడు. ఇద్దరూ ఆమె వైపే చూశారు.

"ముందు దింపు," అంది ఆమె.